జగ్గమ్మ గట్టు

కరకపుట్టిలో జగ్గమ్మ గట్టు చెక్కుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. పాతపట్నం దాటి కొండవైపు పోయే దారిలో ఉన్న చిన్న ఊరది. అక్కడ ఆడవాళ్లు నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు, కోత కోస్తారు, మోపులు మోస్తారు. పార మాత్రం మగవాడి చేతిలోనే ఉండాలని ఎవరో ఎప్పుడో అన్నారు. జగ్గమ్మ ఆ మాట వినలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపి, మోకాలి లోతు బురదలో నిలబడి ఆమె పార వేస్తే గట్టు పక్క తాపీమేస్త్రీ తీర్చిన గోడలా నున్నగా తేలేది. ఒక గడ్డిపోచ మిగిలేది కాదు, ఒక ఎలక కన్నం దాగేది కాదు. ఊళ్లో మగవాళ్ల గట్లు ఆమె గట్టు పక్కన పెడితే ఎలకలే కట్టినట్టుండేవి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసిందని వాళ్లందరికీ తెలిసేలా కూడా చూసుకునేది.

నడివయసు దాటినా నడుం వంగని మనిషి. నోరు పెద్దది. మనసు కూడా పెద్దదే గాని, అది నోటి వెనకాల ఉండేది కాబట్టి ముందు నోటిని దాటుకుని వెళ్లాలి. అంత ఓపిక ఉన్నవాళ్లకే ఆ మనసు సంగతి తెలిసేది.

ఆమె మొగుడు అసిరయ్య పెళ్లయిన కొన్నాళ్లకే జ్వరం వచ్చి పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్లు బండి కట్టుకుని వచ్చి, ఆమెను తీసుకుపోతామన్నారు. అప్పుడు అసిరయ్య అన్న సోములు వాకిట్లో నిలబడి ఒక మాట అన్నాడు. సోములు పెద్దగా మాట్లాడే మనిషి కాదు, అందుకని ఆ మాట అందరికీ గుర్తుండిపోయింది.

"ఇల్లున్నాది, మడున్నాది. ఉంటానంటే ఉండమనండి. మా తమ్ముడి వాటా జోలికి నాను రాను."

జగ్గమ్మ ఉండిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు సోములు తన మడి కన్నా ముందు ఆమె మడి దున్నేవాడు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. పార పట్టడం నేర్పింది కూడా అతనే. ఆడదానికి పార నేర్పుతున్నాడని నలుగురూ నవ్వితే, "ఆకలికి ఆడామగా ఉంటాదేటి?" అని ఊరుకున్నాడు. ఆమె అతన్ని బావ అనేది. అతని పెళ్లాం చిన్నతల్లిని అక్కా అనేది. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. ఆ గోడ మీదుగా చింతపండు పులుసు ఇటు నుంచి అటూ, ఎండు చేపల కూర అటు నుంచి ఇటూ వెళ్లేవి.

పొలం ఎలా ఉండేదో ఇక్కడ కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అందదు. కొండ పాదం నుంచి కింద పారే వాగు, అంటే గెడ్డ, దాకా నేల మెట్లుమెట్లుగా దిగుతుంది. అన్నిటికన్నా పైన, కొండరాళ్లను ఆనుకుని బండి పోయే గోర్జి ఉంది. దాని కింద సోములు మడి. సోములు మడి కింద జగ్గమ్మ మడి. జగ్గమ్మ మడి కింద గెడ్డే, మరి మనిషి లేడు. గోర్జి సోములు మడి పొడుగునా పైనుంచి సాగి, చివర వంపు తిరిగి జగ్గమ్మ మడిలోకి దిగుతుంది. ఆమె బండికి ఇంకో దారి లేదు. నీళ్లూ అంతే. కొండ నుంచి దిగిన నీరు ముందు సోములు మడిలో నిండి, గట్టుకున్న గండిలోంచి కింద ఆమె మడిలోకి పారుతుంది. దారికీ నీటికీ ఆమె బావ మడి మీద ఆధారపడిన మనిషే. అయితే ఆ మాట అనుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఆ అవసరం పందొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవి చివర్లో వచ్చింది.

మడికి పెంట ఎరువు తోలుతున్నారు. బండి ముందు కూలిమనిషి, బండి వెనక జగ్గమ్మ. గోర్జి మీద సగం దూరం పోయేసరికి ఎడమ చక్రం కింద నేల జారింది. బండి సోములు మడిలోకి ఒరిగింది, కాడి మెలితిరిగి ఎద్దు మోకాళ్ల మీద పడింది. పెంటంతా పోయింది సరే, ఎద్దు కాలు వాచిపోయి మళ్లీ నేల మీద మోపడానికి చాలా రోజులు పట్టింది. జగ్గమ్మ కిందికి వంగి చూస్తే గోర్జి అంచు కొత్తగా చెక్కి ఉంది. వేసవి జల్లుకు తడిసిన మట్టి మీద పార గుర్తు మెరుస్తోంది. గోర్జి ఒకప్పుడు రెండు బళ్లు ఎదురెదురుగా తప్పుకునేంత ఉండేదని ఆమెకు బాగా గుర్తు. ఇప్పుడు ఒక బండికే చాలడం లేదు.

ఒకసారి అనుమానం పట్టుకుంటే పాత సంగతులన్నీ కొత్త వేషం వేసుకుని వస్తాయి. రెండేళ్ల కిందట బావ "ఒంటి మనిషివి, మడి కౌలుకిచ్చెయ్యరాదూ?" అన్నాడు. అప్పుడు అది జాలిగా వినబడింది. ఇప్పుడు ఆశగా వినబడింది. దారి మూసేస్తే మడి ఎవరు కొంటారు? పక్క మడివాడే కొనాలి. ఆమె లెక్క అంతవరకు చక్కగా నడిచింది. పిల్లలు లేని తన తర్వాత ఆ మడి ఎలాగూ సోములు పిల్లలకే పోతుందన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. కోపంలో ఉన్నవాళ్ల లెక్కలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాయి.

మర్నాడు నూతి దగ్గర ఆడవాళ్లంతా ఉండగా చిన్నతల్లి బిందెతో వచ్చింది. జగ్గమ్మ చేద వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సిన్నతల్లక్కా! నీ మొగుడు గోర్జి మింగెత్తన్నాడు. సొంత తమ్ముడి పెళ్లాం బండి పోయే దారి అది. దారి దొంగిలినోడు దొంగ కాడేటి? సెప్పు, దొంగ కాడేటి?"

చిన్నతల్లి మొహం తెల్లబోయింది. నిండని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి మాట ఊరంతా చుట్టి సోములు చెవిన పడింది. అతను వచ్చి జగ్గమ్మ గుమ్మం బయట నిలబడ్డాడు.

"గోర్జి నాను తియ్యనేదు జగ్గీ."

"తియ్యకపోతే అదెక్కడికి పోయినాది బావా? కాళ్లొచ్చి నడిసెల్లిపోయిందేటి?"

సోములు తల దించుకుని వెళ్లిపోయాడు. తల దించుకోవడమే దొంగతనానికి రుజువని జగ్గమ్మ అనుకుంది. ఆ రోజుతో గోడ మీద గిన్నెల రాకపోకలు ఆగిపోయాయి.

ఆమె కరణం నారాయణమూర్తి గారింటికి వెళ్లి సర్వేకి అర్జీ రాయించుకుంది. పెద్దాయన అర్జీ రాసి, ఆరనిస్తూ కళ్లజోడు పైనుంచి చూశాడు.

"మరోసారి ఆలోచించుకో జగ్గమ్మా. సర్వేయరు వస్తే కొలత గొలుసు నీవైపూ లాగుతాడు, వాళ్లవైపూ లాగుతాడు. కావలసినవాళ్లు మీరు."

"లాగనీండి బాబూ. నా కాడేటున్నాది దాసుకోడానికి?"

అర్జీ పాతపట్నం వెళ్లింది. వానలు పడ్డాయి, నాట్లు పడ్డాయి. అప్పుడు ఆమెకు అసలు భయం పుట్టింది. దారి పోతే నెత్తి మీద మోయొచ్చు. నీరు ఆపేస్తే? గండికి నాలుగు పారల మట్టి వేస్తే చాలు, ఆమె మడి నెర్రెలిచ్చి పోతుంది. ఊరంతటి ముందు దొంగ అని పిలిపించుకున్న మనిషి నాలుగు పారల మట్టి వెయ్యడా? రోజూ తెల్లారకుండా లేచి వెళ్లి గండి చూసేది. నీరు పారుతూనే ఉండేది. వాన మొహం చాటేసిన రోజుల్లో, సోములు మడిలోనే నీరు పలచబడ్డ రోజుల్లో కూడా గండి తెరిచే ఉంది. "సర్వేకి బయపడి ఒగ్గేసినాడు" అని తనకు తాను చెప్పుకుంది. ఆ నీరు చూసి ఆనాడే ఆమె చేతులు జోడించి ఉంటే గొలుసు దాకా రాకపోయేది. కాని జగ్గమ్మకు చేతులు నడుం మీద పెట్టుకోవడం అలవాటు.

పంట బాగా పండింది. అదే చిక్కయింది. అందరి ధాన్యం బళ్ల మీద కళ్లాలకు చేరింది. జగ్గమ్మ చేను మాత్రం కోసి, మడిలోనే మెరక చూసి గట్టువారగా కుప్ప వేసుకుంది. బండి రాదు. అంత కుప్పను నెత్తి మీద మోయించాలంటే కూలీల కింద సగం పంట పోతుంది. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. కుప్ప మీద వాన పడితే గింజ మొలకెత్తుతుంది. ఈ ఒక్క ఏడాది సంగతైతే ఎలాగో పడేది. దారి లేకపోతే ఏటేటా ఇంతే. "అమ్ముకుని ఏ కూతురిలాంటి దానింట్లోనో తల దాచుకోవే" అని సలహా చెప్పేవాళ్లు బయలుదేరారు. ఆ మడి పోతే తను ఈ ఊళ్లో ఎవరు? అసిరయ్య పెళ్లాం అనడానికి అసిరయ్య లేడు. మడి ఉంది కాబట్టి జగ్గమ్మ ఉంది. ఆమెకు కన్నీళ్లు వచ్చేవి కాని వాటిని కూడా తిట్టి లోపలికి పంపేది.

ఆ మబ్బు కింద, పుష్యమాసంలో ఒక ఉదయం, సర్వేయరు చంద్రశేఖరం వచ్చాడు. బస్సు దిగి, గొడుగు చంకలో పెట్టుకుని, గొలుసు మోసే మనిషితో పొలాల గట్ల మీద నడిచి వచ్చాడు. విజయనగరం మనిషి. వాళ్ల నాన్న ఫిడేలు పాఠాలు చెప్పేవారట. కొడుక్కి ఫిడేలు అబ్బలేదు గాని కూనిరాగం అబ్బింది. కొలత కుదిరితే రాగం తీసేవాడు. కుదరకపోతే నోరు మూతపడేది. కాసేపటికే అది జనం కనిపెట్టేసి, అతని గొలుసు మానేసి గొంతు వినడం మొదలుపెట్టారు.

జగ్గమ్మ ముందు పరిగెత్తింది. "ఇదిగో బాబూ, ఇక్కడ! గోర్జి ఇక్కడ మింగేసినారు. ఇక్కడ కొలవండి."

"గొడవ ఉన్నచోట మొదలెడితే గొడవనే కొలిచినట్టవుతుందమ్మా" అన్నాడు చంద్రశేఖరం. "ఎవరికీ గొడవ లేని రాయి ఎక్కడుందో చెప్పండి."

కొండ మొదట్లో మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి ఉంది. దాని విషయంలో మూడు ఊళ్లకూ పేచీ లేదు. జమీందారీ పోయాక జరిగిన సర్వేలో పాతిన రాళ్లలో గట్టిగా నిలిచింది అదొకటి, గెడ్డ మలుపులో ఇంకొకటి. ఆ రెండింటి మధ్యా గొలుసు లాగి, పటంలో ఉన్న దూరంతో సరిచూశాడు. సరిపోయింది. రాగం వచ్చింది. అక్కడి నుంచి జెండాలు నిలబెట్టుకుంటూ, పక్కలకు కొలుచుకుంటూ గోర్జి దగ్గరకు వచ్చాడు. గోర్జి అంచు రాళ్లు ఎప్పుడో పోయాయి. అవి ఉండవలసిన చోట మేకులు దింపించాడు.

ఒక్కో మేకూ సోములు మడిలో, కోసిన దుబ్బుల మధ్య దిగింది. గోర్జి సగానికి సగం సోములు మడిలో ఉంది.

"సూసినారా!" జగ్గమ్మ గొంతు కొండకు తగిలి వెనక్కొచ్చింది. "కళ్లు పెట్టుకు సూడండి! నోరు పెద్దదన్నారు గదా నన్ను! ఇప్పుడేటంటారు?"

చిన్నతల్లి గట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సోములు మేకుల వరస వైపు చూస్తూ నిలబడ్డాడు. తన మడిలో తనకు తెలియని గీత ఎవరో గీసినట్టు చూశాడు.

"మేకు ఎక్కడుంటే గోర్జి అక్కడే" అన్నాడు చివరికి. "గట్టు తీసెత్తాను."

గెలిచింది జగ్గమ్మే. అయినా గెలుపు గొంతు దిగడం లేదు. బావ ఎదురు తిరిగి అరిచి ఉంటే బాగుండేదనిపించింది. అప్పుడు గమనించింది, సర్వేయరు నోరు మూసుకుని ఉన్నాడు.

"లెక్క తేలిపోయినాది గదా. మరి రాగం తియ్యరేటి బాబూ?"

"సగమే తేలిందమ్మా. ఈయన మడి పైన ఇంత ఎక్కువుంది. కింద ఎంతుందో చూడొద్దూ?"

గొలుసు కిందికి దిగింది. సోములు మడికీ జగ్గమ్మ మడికీ మధ్య ఉన్న ఆ నున్నటి గట్టు దగ్గరకు వచ్చింది. గట్టు మీద ఆగలేదు, దాటింది. జగ్గమ్మ మడిలోకి దిగి మొదటి మేకు పడింది. రెండోది పడింది. మూడోదానికి గొలుసు మనిషి ఆగి అరిచాడు.

"కుప్ప అడ్డొస్తన్నాది బాబూ! మేకు కుప్ప కిందికి పోవాల."

జగ్గమ్మ ధాన్యం కుప్పలో సగం సోములు నేల మీద నిలబడి ఉంది.

చంద్రశేఖరం పటం మోకాలి మీద పెట్టుకుని లెక్క వేశాడు. మెల్లగా రాగం వచ్చింది. ఈసారి దాన్ని ఎవరూ ఆనందంగా వినలేదు. సోములు మడి ఎంతుండాలో అంతే ఉంది, పిసరు ఎక్కువ లేదు, పిసరు తక్కువ లేదు. మడి మొత్తం పైకి జరిగింది, అంతే. పైన గోర్జిలోకి ఎంత వెళ్లిందో కింద అంత జగ్గమ్మకు వదిలింది. నేల పెరిగింది వరసలో ఒక్క జగ్గమ్మకే.

"ఎవరు జరిపారో గొలుసు చెప్పదు" అన్నాడతను. "ఎక్కడ ఉండాలో అదే చెబుతుంది."

జనం గుసగుసలాడారు. ఎప్పుడో వచ్చిన పెద్ద వరదలో గట్టు కొట్టుకుపోయుంటుందని ఒకడన్నాడు. పాత సర్వేలోనే పొరపాటు జరిగిందేమోనని కరణం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మంచి మనసుతోనే ఆమెకు తప్పుకోవడానికి సందు చూపించారు. ఆమె ఆ సందులోంచి వెళ్లిపోయి ఉంటే ఎవరూ పట్టుకునేవారు కాదు. గోర్జి ఎలాగూ వచ్చింది. అడిగినది దక్కింది.

జగ్గమ్మ గట్టు వైపు చూసింది. నడుమెత్తున, గోడలా, ఆమె గొప్పంతా నిలబడి ఉంది. ఏటేటా నాట్లకు ముందు తను ఈ మడిలో నిలబడి పైనుంచి కిందికి చెక్కుతుంది. గడ్డి వేళ్లతో సహా రావాలని నాలుగు వేళ్ల మందం తీస్తుంది. రాలిన మట్టి తన కాళ్ల దగ్గర పడుతుంది, తన మడిలోనే సర్దేస్తుంది. గట్టు పలచబడితే అటువైపు బావ నీరు నిలవడానికి తన మడి మట్టి తెచ్చి లోపలి పక్కన మెత్తుతాడు. మరుసటేడు మళ్లీ తను చెక్కుతుంది. అందరూ అలాగే చేస్తారు, తాతలు అలాగే చేశారు. ఎవరూ దాన్ని నేల తీసుకోవడం అనలేదు, గట్టు బాగుచెయ్యడం అన్నారు. ఊళ్లో అందరికన్నా బాగా చేసింది జగ్గమ్మే.

ఆమె రెండో మేకు దగ్గరకు నడిచి నోరు తెరిచింది.

"వరదా కాదు, తప్పు సర్వే కాదు. నానే."

జనం అటు తిరిగారు.

"నానే సెక్కినాను. నున్నగా రావాల, అందరూ సూడాల అని ఏడాదికింత సెక్కినాను. నాను బావని పైకి నెట్టినాను. బావ మడి ఇరుకయ్యి, బావ పైన సెక్కితే గోర్జి ఇరుకయినాది. నా కింద గెడ్డున్నాది. గెడ్డ పార పట్టుకొచ్చి నన్ను సెక్కదు గదా! దొంగ దొంగ అని అరిసినానే, ఆ నేల నా కాడే ఉన్నాది."

అంత పెద్ద నోరు అంత చిన్న గొంతుతో మాట్లాడ్డం కరకపుట్టి ఎన్నడూ వినలేదు. సోములు గట్టు మీంచి దిగి ఆమె మడిలోకి వచ్చాడు. కాసేపు మేకులు చూశాడు, కుప్ప చూశాడు. అతని మొహంలో చాలా నెలల తర్వాత ఏదో సడలింది.

"నానూ సెక్కినానే జగ్గీ, పైన గోర్జిని. నాకూ తెలీనేదు. పార పట్టడం నీకు నేర్పిందెవులు మరి?" అన్నాడు. "కాళ్లొచ్చి నడిసిందేటి అన్నావు గదా. నడిసినాది."

ముందు నవ్వింది గొలుసు మోసే మనిషి. తర్వాత అందరూ నవ్వారు. జగ్గమ్మ నవ్వలేదు, ఏడ్చేసింది. చిన్నతల్లి లేచి వచ్చి ఆమె భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. "నీ నోటికో గొలుసేసి కొలవాలే ముందు" అంది. చరిచిన చెయ్యి తీయకుండా అక్కడే ఉంచింది.

"మాటలు తరవాత. మబ్బు సూడండి" అన్నాడు సోములు, పార అందుకుంటూ.

ఆ పూటే పైన మేకుల వెంట గోర్జి పక్క గట్టు తెగ్గొట్టి ఆ మట్టితోనే గోర్జి వెడల్పు చేశారు. నవ్వడానికి వచ్చినవాళ్లు కూడా పారలు తెచ్చుకున్నారు. కొత్త మట్టి బరువుకు ఆగుతుందో లేదోనని సోములు ముందు తన ఎడ్లనే పూన్చి, తన బండి తోలి చూశాడు. ఆగింది. రెండు బళ్ల మీద జగ్గమ్మ కుప్ప కళ్లానికి చేరేసరికి చీకటి పడుతోంది. వాన కురిసేసరికి ధాన్యం మీద తాటాకు చాపలు కప్పి ఉన్నాయి.

సర్వేయరు వెళ్లే ముందు ఇంకో మాట చెప్పాడు. "గోర్జి పటంలో ఉంది, దానికి ఢోకా లేదు. నీరు దిగే ఆ గండి మాత్రం పటంలో లేదు. మీ అలవాటు మీద నడుస్తోంది. ఇద్దరూ ఒప్పుకుంటే కరణం గారు రాసి ఉంచుతారు."

"రాయించండి బాబూ" అన్నాడు సోములు. "నానున్నన్నాళ్లు ఎలాగూ మూయను. నా తరవాత నా పిల్లలు మూయకుండా ఉండాల."

అప్పుడు జగ్గమ్మకు ఆ వానాకాలం ఉదయాలన్నీ గుర్తొచ్చాయి. బావ తన మడి ఎండుతున్నా కిందికి నీరు వదిలాడు. తనను దొంగ అని పిలిచిన మనిషి పంటకు వదిలాడు. ఆమె కళ్లంలో కుప్పను ఆనుకుని నిలబడి, ఇంత కాలం ఆ మనిషి నీడలో బతికానని, ఇకపై బతికినన్నాళ్లూ ఆ మాట మర్చిపోనని మనసులో గట్టిగా అనుకుంది. పుట్టింటి బండి వచ్చిన రోజున అతను వాకిట్లో అన్న మాటకు కూడా, ఇన్నేళ్లకు, ఆ రోజే దండం పెట్టుకుంది.

మర్నాడు నూతి దగ్గరకు అందరూ వచ్చేదాకా ఆగి, పాత గొంతు తెచ్చుకుని అరిచింది. "వినండర్రా! మా బావ దొంగ కాడు. ఆ మాటన్న నోరు ఇదే. ఎవులైనా మళ్లీ ఆ మాటంటే నా పార తెస్తాను!" క్షమాపణ అడుగుతోందో బెదిరిస్తోందో తెలియక ఆడవాళ్లు నవ్వుకున్నారు. ఆ వారంలోనే జగ్గమ్మ గట్టు కింది మేకుల వరసకు జరిగింది. సోములు తన నేల తను తీసుకున్నాడు. వద్దులే, ఉంచుకో అని పెద్దమనసు చూపించలేదు. అది కూడా ఆమెకు నచ్చింది. దానం చేసి ఉంటే జీవితాంతం మొయ్యాల్సి వచ్చేది. సర్వేయరు పాతించిన కొత్త రాళ్లు చూసుకుని పార వెయ్యడం ఆ తర్వాత ఊరంతా నేర్చుకుంది. గట్లు కాస్త గరుకుగా ఉన్నా ఎవరూ నామోషీ పడటం మానేశారు.

మరో ఏడాది గడిచాక జగ్గమ్మ రామతీర్థం వెళ్లి వస్తూ విజయనగరం బస్టాండులో చంద్రశేఖరాన్ని చూసింది. అతనికి సాలూరు బదిలీ అయిందట, ఆ బస్సు కోసమే నిలబడ్డాడు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, దారిలో తినడానికి తెచ్చుకున్న కొత్త వడ్ల అటుకుల మూట విప్పి అతని చేతిరుమాల్లో సగం పోసింది. అతను గుర్తుపట్టి నవ్వాడు.

"ఎందుకమ్మా ఇవన్నీ? గోర్జి మీదే. నేను కాకపోతే ఇంకో సర్వేయరు వచ్చి చూపించేవాడు."

"గోర్జి ఎవులైనా సూపిద్దురు బాబూ. నానడిగింది అదే గదా, అది సూపించేసి మీరెల్లిపోవచ్చు. మీరు ఎల్లనేదు. నానడక్కపోయినా కిందికి దిగి నా గట్టు కూడా కొలిసినారు." ఆమె మూట మళ్లీ ముడేసుకుంది. "అది కొలవకపోతే నాను సచ్చిందాకా మా బావని దొంగనే అనుకుందును. ఆ మనిసి అలగే మాట పడి సచ్చిపోదురు."

చంద్రశేఖరం ఏదో అనబోయాడు. ఈలోగా సాలూరు బస్సు వచ్చింది. జగ్గమ్మ అతని సంచి అందుకుని, జనంలోంచి దారి చేసి, అతన్ని బస్సు ఎక్కించి వచ్చింది.